ఇంటి నంబరు

ఐపీ అడ్రస్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అడిగినవాళ్ల తప్పేమీ లేదు. ఇంట్లో నెట్ రావడం లేదనో, మోడెం మీద లైటు ఆగి ఆగి వెలుగుతోందనో అడుగుతారు. నేను రెండు ముక్కల్లో చెప్పేసి వేరే మాటలోకి దూకుతాను. ఆ పేరు వింటే నాకు ఒక ఆడమనిషి ముఖం గుర్తొస్తుంది. ఆమె భర్త ఆమెకు నిజమే చెప్పాడు. ఆ నిజాన్ని అబద్ధమని తేల్చింది నేను, అదీ నాకు రాని విద్యతో.

రెండు వేల ఏడో, ఎనిమిదో. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్‌కు పోయే రోడ్డులో, ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పది కంప్యూటర్లు, ఒక కూలర్, పాఠం చెప్పడానికి నేను. సీజన్‌లో కీబోర్డు బోర్లిస్తే పసుపు దుమ్ము రాలేది. ఉత్తరాలు టైప్ చేయడం, పట్టికలు గీయడం నాకు బాగా వచ్చు, ఆ మాట ఇప్పుడు కూడా గట్టిగానే చెప్తాను. నెట్‌వర్కింగ్ మాత్రం పూర్తిగా బట్టీ. గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని. ప్రోటోకాల్ అంటే కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న పద్ధతి. గేట్‌వే అంటే ఇంట్లోంచి బయటి నెట్‌లోకి పోయే దారి. డీఎన్ఎస్ అంటే పేరు చెబితే నంబరు వెతికి ఇచ్చేది. ఐపీ అడ్రస్ అంటే ప్రతి కంప్యూటర్‌కూ ఉండే ప్రత్యేకమైన నంబరు, ఒకదానిది ఇంకొకదానికి ఉండదు. ఆ పేజీ అక్కడితో అయిపోతుంది. తర్వాతి పేజీ పరీక్షకు రాదని నేనే పిల్లలతో కొట్టివేయించేదాన్ని.

అప్పుడప్పుడే ఊళ్లో ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ వస్తోంది. టెలిఫోన్ లైన్‌మన్ వచ్చి మోడెం పెట్టి, లైట్లు వెలిగేదాకా చూసి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత వచ్చే తిప్పలన్నీ నావి. ఇటు మా ఊళ్లో, అటు బాల్కొండ, ముప్కాల్ వైపు, చాలా ఇళ్లలో మగవాళ్లు దుబాయిలో ఉండేవారు. ఏ దేశంలో ఉన్నా మాకు అది దుబాయే. కెమెరాలో మనిషి ముఖం చూడొచ్చని కంప్యూటర్ కొన్న ఆడవాళ్లు, మగ మెకానిక్‌ను ఇంట్లోకి పిలవడమెందుకని నన్ను పిలిచేవారు. నేను గడప తొక్కగానే, "మేడం వచ్చింది, కుర్చీ ఎయ్యుండ్రి" అనేవారు. ఆ కుర్చీ నా నెత్తికెక్కింది.

వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని నా గర్వం. ముఖ్యంగా పింగ్. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను "ఉన్నావా?" అని పిలిచి, "ఉన్నాను" అనే జవాబు కోసం చూడడమే పింగ్. ఒక్కసారి కొడితే నాలుగు పిలుపులు పోతాయి. దాన్ని నేను మిస్డ్ కాల్ అని చెప్పేదాన్ని. ఆ రోజుల్లో మా దగ్గర మిస్డ్ కాల్‌కు ఒక భాషే ఉండేది. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే డ్యూటీ అయిపోయి రూముకు చేరినట్టు. రెండు ఇస్తే నువ్వు చేయమని. మిస్డ్ కాల్ పోయిందంటే అవతలి మనిషి చూసినట్టే. చూసి కూడా పలకలేదంటే అలిగాడు, లేదా ఏదో దాస్తున్నాడు. ఈ చివరి సంగతి నా బుర్రకు తట్టలేదు. పోలిక భలే కుదిరిందని మురిసిపోయానంతే.

నాకు ముఖం గుర్తొచ్చే ఆ అక్క ఇల్లు మా ఇన్‌స్టిట్యూట్‌కు నాలుగు సందుల అవతల. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దది. ఊరి బయట కొంచెం భూమి, అందులో పసుపు, మక్క. భర్త గల్ఫ్‌లో ఒక బిల్డింగుల కంపెనీలో సెంట్రింగ్ పని చేసేవాడు. వెళ్లి ఏడాదిన్నర అయింది. ఆ చలికాలంలో కంపెనీ తనను వేరే క్యాంపుకు మార్చిందని ఫోన్‌లో చెప్పాడు. ఫోన్ నంబరు మారింది, రూములో ఉండేవాళ్లూ మారారు. అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు. కానీ అక్క తోడికోడలు, అంటే అతని వదిన, ఒకరోజు వాకిట్లో నిలబడి, "క్యాంపు మార్చుడు గాదు, కల్లివెల్లి అయినట్టుండు మరిది" అనేసింది.

కల్లివెల్లి అంటే ఆ ఇళ్లలో గొంతు తగ్గించి పలికే మాట. పనిలో పెట్టుకున్న కంపెనీని వదిలి, పాస్‌పోర్టు కూడా వాళ్ల దగ్గరే వదిలేసి, పారిపోయి దొంగచాటుగా ఇంకెక్కడో పనిచేసుకోవడం. పట్టుబడితే జైలు. పట్టుబడకపోతే ఏళ్ల తరబడి ఇంటికి రావడానికి ఉండదు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్కకు తిండి సయించలేదు.

"ఒక్కసారి కెమెరాల ఆయన రూము చూపియ్యి మేడం. ఆయన మంచం, గోడ, పక్కపొంటి ఉండేటోళ్లు. గంతే. నా మనసు నిమ్మలమైతది," అని అడిగింది.

"గంతే కదక్కా, ఎంతసేపు," అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా అన్నానో!

శుక్రవారం అక్కడ సెలవు. ఆ మధ్యాహ్నం అక్కడ అతను రూములో వేరేవాళ్ల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, ఇక్కడ నేను కూర్చున్నాను. నా కుర్చీ పట్టుకుని అక్క నిలబడింది. గడప మీద తోడికోడలు చాటలో బియ్యం ఏరుతోంది. మెసెంజర్‌లో అతని పేరు వెలిగింది, "బాగున్నవా" అని అక్షరాలు వచ్చాయి. కెమెరా కిటికీ మాత్రం నల్లగానే ఉండిపోయింది. మోడెం ఆపి మళ్లీ పెట్టాను. వైర్లు ఊడదీసి గుచ్చాను. కెమెరా సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. గంటకు పైగా కుస్తీ పట్టినా ఏమీ కనబడలేదు.

"అక్షరాలు ఏడ కూసోనన్న కొట్టచ్చు గద," అంది తోడికోడలు బియ్యం మీంచి తల ఎత్తకుండా. కాసేపాగి, "లేకుంటే గీ మేడంకే రాదు గావచ్చు," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నాకు రాకపోవడమా! అక్క సెల్ నుంచి అతనికి మిస్డ్ కాల్ ఇప్పించాను, అతను వెంటనే చేశాడు. ఆ కంప్యూటర్‌లో ఏ కిటికీ తెరవాలో, ఏ మాట కొట్టాలో చెప్పి, ఐపీ అడ్రస్ అని ఉన్న చోట నంబరు చదవమన్నాను.

"జర ఆగు మేడం, తప్పు చదువుత," అని పక్కవాళ్లను పిలిచి మరీ చదివాడు. నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది, చుక్క, ఒకటి, చుక్క, ఐదు. మళ్లీ ఇంకోసారి చదివాడు. ఆ నంబరు కొట్టి అక్క కంప్యూటర్ నుంచి పింగ్ చేశాను. రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్ అని వచ్చింది. పిలిస్తే జవాబు రాలేదని దాని అర్థం. ఒకటి కింద ఒకటి నాలుగు వరుసలు అదే వచ్చింది.

అప్పుడు నేను అనాల్సింది ఒకటే మాట, నాకు తెలియడం లేదక్కా అని. అది నోట్లోంచి రాలేదు. గడప మీది మనిషి వింటోంది కదా.

"నాలుగు మిస్డ్ కాల్స్ ఇచ్చినక్కా. ఒక్కదానికి గూడ జవాబు లేదు," అన్నాను.

"నంబరు తప్పు కొట్టినవేమో మేడం?"

"రెండుసార్లు చదివిండు కద. ప్రపంచం మొత్తంల గా నంబరు ఒక్క కంప్యూటర్‌కే ఉంటది. గాడ ఎవ్వరు లేరు."

"మరి గాయన ఏడ కూసోని మాట్లాడుతున్నడు?"

"గది నాకెట్ల తెలుస్తది? చెప్పిన కాడ మాత్రం లేడు. కంప్యూటర్ అబద్ధం చెప్పదక్కా."

సెల్ ఇంకా అక్క చేతిలోనే ఉంది. అందులోంచి అతను, "ఏమైంది మేడం, కనవడుతున్ననా?" అని అడుగుతున్నాడు. అక్క కట్ చేసింది. తోడికోడలు చాట పక్కన పెట్టి లేచి వచ్చి, తెర మీది నాలుగు వరుసలను దగ్గరగా చూసి, నావైపు గౌరవంగా చూసింది. ఆ చూపు నాకు ఎంత బాగుండిందో చెప్పడానికి కూడా ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ రోజు నుంచి అక్క అతని ఫోన్ ఎత్తడం మానేసింది. రోజుకు నాలుగుసార్లు, ఐదుసార్లు చేసేవాడట. తర్వాతి శుక్రవారం నన్ను మళ్లీ పిలిపించింది. "ఆయనకు చెప్పకుండ ఇంకోసారి కొట్టి చూడు," అంది. కొట్టాను. మళ్లీ అవే నాలుగు వరుసలు. ఆమె కళ్లు తుడుచుకుని, "అయితే నిజమే," అని లేచి నాకు చాయ్ పెట్టింది. నేను తాగాను.

ఆ తర్వాత పది రోజులకు ఇన్‌స్టిట్యూట్‌లో నెట్‌వర్కింగ్ పాఠం వచ్చింది. ఒక అమ్మాయి, పింగ్ చేసి చూపించమని అడిగింది. ఏదో ఒక నంబరు కొట్టాలి కదా, వేళ్లకు అలవాటైపోయిన ఆ నంబరే కొట్టాను. జవాబు వచ్చింది. ఒకటి కాదు, నాలుగూ వచ్చాయి! అతను దొరికాడు, ఉన్నాడు, చెప్పిన చోటే ఉన్నాడు! చెప్పులేసుకుని అక్క ఇంటికి ఉరుకుదామని లేచాను. అంతలో ఐదో కంప్యూటర్ ముందున్న పిల్ల, "మేడం, నాది హ్యాంగైపోయింది, బంద్ చేసి పెడుతున్న," అని దాన్ని ఆపింది. పోయే ముందు నమ్మకం కోసం నేను ఇంకోసారి పింగ్ కొట్టాను. రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్.

ఆ కంప్యూటర్ మళ్లీ పెట్టించి, వైరు ఊడదీసి చూశాను, జవాబు ఆగింది. గుచ్చి చూశాను, వచ్చింది. దాని నంబరు చూశాను. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఐదు. మా పది కంప్యూటర్లవీ అవే అంకెలు, చివరిది ఒక్కటే తేడా. వాటిని ఎప్పుడో నిజామాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు పెట్టి పోయాడు, నేను ఒక్కరోజు కూడా తెరిచి చూసిన పాపాన పోలేదు.

పిల్లలను పంపేసి గైడ్‌లో నేను కొట్టివేయించిన పేజీ తీశాను. అక్కడ తేటతెల్లంగా రాసి ఉంది. ఆ వరుస నంబర్లు ఇంటి లోపల వాడుకోవడానికి మాత్రమే. ఏ ఇంట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా అవే పెట్టుకోవచ్చు. బయటి ప్రపంచానికి అవి కనబడవు, బయటికి వెళ్లేటప్పుడు మోడెం వాటిని వేరే నంబరు వెనక దాచేస్తుంది. ఆరు లైన్లు. ఆ ఆరు లైన్లు చదవడానికి నాకు బద్ధకమైంది.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి పోయి చెప్పాల్సింది. పోలేదు. రేపు చెప్తా అనుకున్నాను. రేపు వచ్చింది, పోయింది. నా మనసు నాకే ఎన్ని సాకులు చెప్పిందో. ఇన్‌స్టిట్యూట్ పేరు పోతుందని, పిల్లలు మానేస్తారని, ఎలాగూ మొగుడూ పెళ్లాలు కదా, వాళ్లే సర్దుకుంటారని. అసలు సంగతి, ఆ తోడికోడలి ముందు నా ముఖం చెల్లదని. ఒకరోజు కూరగాయల మార్కెట్లో అక్క ఎదురొస్తుంటే ఉల్లిగడ్డల బండి వెనక దాక్కున్నాను. పది మందికి పాఠం చెప్పే మనిషిని, ఉల్లిగడ్డల వెనక! బండి ఆమె, "ఏం గావాలె మేడం?" అని అడిగితే అక్కర్లేని ఉల్లిగడ్డలు కొనుక్కుని ఇంటికి పోయాను.

చివరికి ఆమే వచ్చింది. పసుపు ఉడకబెట్టే రోజులు. కల్లంలోంచి అలాగే వచ్చినట్టుంది, చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. కొంగులోంచి ఒక కవరు తీసింది. "దుబాయి నుంచి వచ్చింది. ఇంగ్లీషుల ఉంది. నువ్వు తప్ప చదివి చెప్పేటోళ్లు నాకెవరున్నరు మేడం," అంది.

కంపెనీ కాగితం. కింద గుండ్రటి ముద్ర. ఫలానా మనిషి మా కంపెనీలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడని, ఫలానా క్యాంపులో ఫలానా రూములో ఉంటున్నాడని, ఇది అతను అడిగినందుకు ఇస్తున్నామని రాసి ఉంది. దాని కింద బాల్‌పెన్నుతో తెలుగులో అతని రాత. "నేను గీడనే ఉన్న. ఎవరినన్న అడుగు."

చదివి వినిపించాను. అక్క, "మరి కంప్యూటర్ల ఎందుకు లేడు మేడం?" అని అడిగింది.

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. నేను కాగితం మడత పెడుతూ, "అప్పుడు గాడ నెట్ ఖరాబు ఉండచ్చక్కా," అన్నాను. మళ్లీ అబద్ధం! తెలిసి చెప్పిన అబద్ధం.

ఆమె నమ్మింది. నమ్మి, అక్కడే, నా బల్ల ముందు నిలబడి రెండు చేతులతో లెంపలేసుకుంది. "నా బుద్ధి గడ్డి తిన్నది. దేవునసొంటి మనిషిని అనుమానపడ్డ. ఎవరో ఏదో అంటే ఎట్ల నమ్మిన నేను," అంటూ మళ్లీ మళ్లీ కొట్టుకుంది. చేతుల పసుపు చెంపలకు అంటుకుంది. ఆ ఎవరో నేనే అని ఆమెకు తట్టనైనా తట్టలేదు. తోడికోడలిని తిట్టుకుంది, తనను తిట్టుకుంది. నన్ను మాత్రం, "నీకు మస్తు కష్టం ఇచ్చిన మేడం," అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చేయి పట్టుకుని ఆపాను గానీ నోరు తెరవలేదు.

పోతూ పోతూ, "శుక్రవారం ఆయనకు ఫోన్ చేసి క్షమించుమంట. ఒక్కదాన్నే మాట్లాడాలంటే భయమైతుంది. జర నువ్వు గూడ రారాదా మేడం," అంది.

పోయాను. పోకుండా ఉండే మొహం నాకు ఎక్కడుంది? ఆ మధ్యాహ్నం ఇంట్లో తోడికోడలు లేదు. అక్క సెల్ స్పీకర్‌లో పెట్టి మంచం మీద నా పక్కన కూర్చుంది. "మేడం గూడ ఉంది," అని ముందే చెప్పింది. అతను ఎత్తీ ఎత్తగానే ఏడుపు. "తప్పైంది, నీ కాళ్లు మొక్కుత. నేనే పాపపుదాన్ని," అంటోంది.

"ఊకో," అన్నాడతను. "అయిపోయింది గద. కాయితం అడుగుతే ఆఫీసోళ్లు నవ్విండ్రు. పెండ్లాం నమ్ముతలేదా అన్నరు. నవ్వనీ అనుకున్న. నీకు నిమ్మలమైతే సాలు." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

అక్క మళ్లీ లెంపలు వేసుకోబోతుంటే నేను ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"అన్నా, నేను మేడంను. అక్క తప్పు ఒక్కటి గూడ లేదు. తప్పంత నాదే," అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. ఆపితే ఎక్కడ మళ్లీ అబద్ధం చెప్తానో అని గబగబా చెప్పేశాను. నీ నంబరు కరెక్టే అన్నా, నువ్వు మంచిగనే చదివినవ్. నాకే దాని సంగతి తెల్వదు. తెల్వకున్నా తెలిసినట్టు చెప్పిన. తర్వాత తెలిసింది, తెలిసి గూడ చెప్పలేదు. మొన్న కాయితం చదివినప్పుడు గూడ అబద్ధమే చెప్పిన.

అక్క తన చేతులు నా చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది. నావైపు తిరగలేదు.

అతను, "గా నంబరు కథేంది మేడం మరి?" అని అడిగాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"అది ఇంటి లోపలి నంబరన్నా. ప్రతి ఇంట్ల ఉంటది. నీ రూముల ఉన్నట్టే గీడ మీ ఇంట్ల గూడ గదే వరుస. ఇక్కడి నుంచి కొడితే అది ఈ ఇంట్లనే వెతుకుతది, బయటికి పోదు. నేను నిన్ను దుబాయిల వెతకలేదన్నా. మీ ఇంట్లనే వెతికి, లేవని చెప్పిన."

అతను ఒక్కసారి నవ్వినట్టు వినబడింది. అది నవ్వు కాదని కొంచెంసేపటికి అర్థమైంది.

"ఇంట్లెట్ల ఉంట మేడం?" అన్నాడు. "ఇంట్ల ఉండే నసీబే ఉంటే నాకు గిదంత ఎందుకు?"

అక్క స్పీకర్ ఆపి, ఫోన్ చెవికి పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను, ఈసారి నాకు ఎవరూ వేయక గోడకు ఆనించే ఉన్న కుర్చీ పక్క నుంచి బయటికి వచ్చి, చెప్పులేసుకుని నడిచాను.